నడిమి వరుస ఆటగాడు నూర్ మహమ్మద్

ఫుట్‌బాల్ ఆటను రేడియోలో వినువారికి గోల్ చేసినవాని పేరు చెవిలో మిగులును. గోలును అడ్డుకొన్నవాని పేరును మిగులును. ఆ ఇరువురి నడుమ ఆట సాగినంతసేపు పరుగెత్తిన హాఫ్‌బ్యాక్ పేరు మాత్రము వ్యాఖ్యాత నోట క్షణమాత్రము వినబడి మరుగగును. బంతి అతని కాలి కడ నిలుచుటయే అరుదు గదా! అట్టి స్థానమున ఆడి, రెండు ఒలింపిక్ క్రీడలలో భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించిన హైదరాబాదు క్రీడాకారుడు నూర్ మహమ్మద్. ఆయనను గూర్చి శ్రోతలకు కొంత మనవి చేయుదుము.

ముందుగా హాఫ్‌బ్యాక్ పని యేమో తెలిసికొనవలెను. పూర్వపద్ధతిలో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులు నిలిచెడివారు. తరువాత నడిమి హాఫ్‌బ్యాకును వెనుకకు తీసికొని మూడవ బ్యాకుగా నిలుపుట ఆచారమయ్యెను. దానితో మిగిలిన ఇద్దరిపై భారము పెరిగెను. ఎదుటిపక్షము దండెత్తి వచ్చునపుడు వీరు అడ్డుపడవలెను. బంతి చిక్కిన మరుక్షణమే తమవారికి అందింపవలెను. చెరువుక్రింది పొలమునకు కాలువ యెట్టిదో జట్టునకు హాఫ్‌బ్యాక్ అట్టివాడు. నీరు కాలువలో నిలువదు. కాని కాలువ పూడినచో పైరు ఎండును.

నూర్ మహమ్మద్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టువాడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచటి జట్టున ఆడి, పిదప ఉపాధ్యాయవృత్తి చేపట్టినవాడు. మైదానమును సైతము ఆయన తరగతిగదిగనే భావించెను. బంతిని కాళ్లతో త్రిప్పుకొనుచు పోరాదను నియమముతో కొన్ని పోటీలు, వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో మరికొన్ని నడిపెను. బంతిని త్వరగా వదలుట, రెండు కాళ్లను సమముగా వాడుట హాఫ్‌బ్యాకునకు అక్షరాభ్యాసము వంటివి.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1–0 తో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. నూర్ మహమ్మద్ ఆ బృందములోనివాడు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో గర్వభంగమయ్యెను. ఆ చలిలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియాకు 10–1 తో ఓడిపోయిరి. అటుపిమ్మట మన దేశమున బూట్లు తప్పనిసరియయ్యెను. వట్టికాలితో అలవడిన నేర్పును తోలుబూటులోనికి మార్చుకొనుట సామాన్యమైన పని కాదు. బంతి స్పర్శయే వేరగును; అందించుటలో జానెడు దూరము తప్పినను ఎదుటివానికి చిక్కును.

నాలుగేండ్ల తరువాత, 1956లో, మెల్‌బోర్న్‌లో కెంపయ్యతో కూడి నూర్ మహమ్మదే నడిమి వరుసను కాచెను. మనవారు ఆస్ట్రేలియాను దాని స్వదేశముననే 4–2 తో గెలిచి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా పేరొందిరి. మూడు గోళ్లు చేసిన నెవిల్ డిసౌజా పేరు దేశమంతట మారుమ్రోగెను. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోలు మనవారిదే యైనను, ఆట 4–1 తో చేజారెను. బల్గేరియాతో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. గోళ్ల పట్టికలో హాఫ్‌బ్యాకుల పేర్లు లేవు. కాని గోలు పుట్టు మార్గము మొదలగునది వారి కాళ్లవద్దనే.

మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బడిపిల్లలు జట్లు పంచుకొనునపుడు ప్రతివాడును ముందువరుసనే కోరును. నడుమ నిలువుమన్నచో చిన్నబుచ్చుకొనును. అట్టి బాలునికి నూర్ మహమ్మద్ కథ చెప్పుడు. ఇకమీదట ఆటను రేడియోలో వినునపుడు, గోలునకు ముందు వినబడిన రెండు పేర్లను కూడ గుర్తుంచుకొన ప్రార్థన.