ఇంజన్ ఆయిల్: మామూలుదా, సింథటిక్‌దా?

మన నల్గొండ, పాలమూరు జిల్లాల మీదుగా రెండు పెద్ద రహదారులు పోతున్నాయి. ఒకటి హైదరాబాద్ నుండి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ పోయే దారి. రెండవది షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా కర్నూలు పోయే దారి. ఈ రెండు దారుల మీద స్టీరింగు పట్టుకొని బతుకుతున్నవారు మన హాస్టళ్లలో చదివినవారిలోనూ ఉన్నారు. కొందరు టాక్సీలు, డీసీఎంలు నడుపుతున్నారు. కొందరు ఊర్లో ట్రాక్టరు పెట్టుకున్నారు. ఉద్యోగాలలో స్థిరపడి కారు కొన్నవారూ ఉన్నారు. ఇటీవలి కుర్రవాళ్లయితే చిన్న ఇంజనులోనే ఎక్కువ పవరు ఇచ్చే టర్బో కార్ల మీద మోజు పడుతున్నారు.

వీరందరికీ సర్వీసింగు రోజున ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఈసారి మామూలు ఆయిల్ పోయించాలా, సింథటిక్ పోయించాలా? లీటరుకు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు తేడా. నెలనెలా వాయిదాలు కట్టుకునేవానికి ఇది చిన్న లెక్క కాదు. అట్లని చవకకు ఆశపడితే ఇంజన్ బోరుకొస్తుంది, బండి షెడ్డులో పడి ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా తెలుసుకుందాం.

ఆయిల్ చేసే పని ఏమిటి?

ఘర్షణ పాఠంలో కందెనల గురించి మనమందరం చదివాము. ఇంజన్ ఆయిల్ మొదటి పని అదే. క్రాంక్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య, పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య సన్నని నూనె పొరగా ఏర్పడి, ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా ఆపుతుంది. దానితోపాటు మరో నాలుగు పనులు చేస్తుంది. నీళ్లు చేరలేని చోట్ల నుండి వేడిని తీసుకుపోతుంది. మసిని, మడ్డిని తనలో కలుపుకొని శుభ్రం చేస్తుంది. పిస్టన్ రింగుల వద్ద సందు మూసి కంప్రెషన్ పోకుండా కాపాడుతుంది. తుప్పు పట్టనివ్వదు. ఈ పనుల్లో ఏ ఒక్కటి తప్పినా ఇంజనుకు ఆయుష్షు తగ్గినట్లే.

రెండు నూనెల పుట్టుక

డబ్బాలో ఉండే నూనెలో పెద్ద భాగం బేస్ ఆయిల్. మిగిలినది అడిటివ్స్ అనే రసాయనాలు. అరుగుదలను, నురుగును, తుప్పును ఆపేవి ఇవే.

మామూలు ఆయిల్‌ను మినరల్ ఆయిల్ అంటారు. దాని బేస్ ఆయిల్ ముడి చమురును శుద్ధి చేయగా వచ్చినది. ఇందులో చిన్న అణువులు, పెద్ద అణువులు కలగలిసి ఉంటాయి. ఎక్కువ వేడి తగిలితే చిన్నవి ఆవిరై పోతాయి. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి మడ్డిగా మారుతాయి. సింథటిక్‌లో అణువులను రసాయన పద్ధతిలో దాదాపు ఒకే తీరుగా తయారు చేస్తారు. అందువల్ల అది వేడికి తొందరగా పలుచబడదు, ఆవిరి కాదు, మడ్డి తక్కువ కడుతుంది. చలిలో గడ్డకట్టకుండా పారుతుంది. ఈ రెండింటినీ కలిపినది సెమీ సింథటిక్.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలియం కొరత ఉన్న జర్మనీలో సింథటిక్ కందెనల మీద బాగా కృషి జరిగింది. కార్ల కోసం అమెరికాలో 1972లో ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 బజారుకొచ్చాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బేస్ ఆయిల్‌లను ఒకటి నుండి ఐదు వరకు గ్రూపులుగా విభజించారు. పీఏఓ అనే పూర్తి కృత్రిమ నూనె నాలుగవ గ్రూపు. మూడవ గ్రూపు ముడి చమురు నుండే వస్తుంది, కాని హైడ్రోజన్‌తో బాగా మార్పు చేసి శుద్ధి చేస్తారు. దీన్ని సింథటిక్ అనవచ్చునా అని రెండు పెద్ద కంపెనీల మధ్య అమెరికాలో తగాదా వచ్చింది. ప్రకటనలను పరిశీలించే సంస్థ 1999లో అనవచ్చునని చెప్పింది. అప్పటి నుండి చాలా దేశాల్లో మూడవ గ్రూపు నూనెను కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముతున్నారు. అది మంచి నూనే. అయితే డబ్బా ముందు రాసిన పెద్ద అక్షరాల కంటే వెనుక రాసిన చిన్న అంకెలే ముఖ్యమని దీనివల్ల అర్థం చేసుకోవాలి.

అంకెలను చదవడం ఎట్లా?

20డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 వంటి అంకెలు ఆయిల్ స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని తెలుపుతాయి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలికగా కదులుతుందో చెప్తుంది. 5డబ్ల్యూ నూనెను మైనస్ 30 డిగ్రీల వద్ద, 20డబ్ల్యూ నూనెను మైనస్ 15 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. వెనుక ఉన్న అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 30 అంకె గల నూనె ఆ వేడిలో 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. గది ఉష్ణోగ్రతలో నీటి స్నిగ్ధత దాదాపు 1 సెంటీస్టోకు. దానితో పోల్చి చూసుకోండి.

మనకు మైనస్ డిగ్రీల చలి లేదు కదా, 5డబ్ల్యూ ఎందుకు అని అడగవచ్చు. తెల్లవారి బండి స్టార్టు చేసినప్పుడు ఆయిల్ కింద చాంబరులో ఉంటుంది. పైనున్న కామ్ షాఫ్టుకు, టర్బోకు అది చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లో ఇంజన్ అరుగుతుంది. పలుచని నూనె తొందరగా చేరుతుంది. మన చలికాలపు ఉదయాల్లో కూడా ఈ లాభం కొంత ఉంటుంది.

ఇక రెండవ అంకె. "అన్నా, ఎండలు ముదిరినయ్, సన్నటి ఆయిల్ ఏం ఆగుతది, చిక్కటిది పొయ్" అనే మాట మన దగ్గర తరచుగా వింటాం. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు కాస్తుంది కనుక ఆ మాట నిజమే అనిపిస్తుంది. కాని నీళ్లతో చల్లబడే ఇంజనులో థర్మోస్టాట్ ఉంటుంది. బయట 25 డిగ్రీలున్నా, 44 డిగ్రీలున్నా అది కూలింగు నీటిని 90 డిగ్రీల పైచిలుకు దగ్గరే నిలుపుతుంది. 30 అంకె కోసం సన్నని సందులతో తయారైన కొత్త ఇంజనులో 50 అంకె నూనె పోస్తే మేలు కంటే కీడే ఎక్కువ. నూనె సందుల్లోకి ఆలస్యంగా పోతుంది, మైలేజీ తగ్గుతుంది. కొన్ని మాన్యువల్స్‌లో వాతావరణాన్ని బట్టి ఏ నూనె వాడవచ్చో పట్టిక ఇస్తారు. మన ఎండలకు ఆ పట్టికే ఆధారం, ఊహ కాదు.

గాలితో చల్లబడే మోటారు సైకిల్ ఇంజన్ సంగతి వేరు. దానికి థర్మోస్టాట్ ఉండదు కనుక బయటి ఎండ నేరుగా ఇంజను మీద ప్రభావం చూపుతుంది. కంపెనీ ఆ వేడిని కూడా లెక్కలోకి తీసుకునే నూనెను నిర్ణయిస్తుంది.

అంకెల తరువాత రెండు అక్షరాలుంటాయి. ఏపీఐ అనే అమెరికా సంస్థ ఇచ్చే తరగతి ఇది. ఎస్‌తో మొదలైతే పెట్రోలు, సి తో మొదలైతే డీజిల్. రెండవ అక్షరం ముందుకు పోయిన కొద్దీ కొత్త ప్రమాణం. పెట్రోలుకు 2020లో ఎస్పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. డీజిల్‌కు సీకే-4 2016లో వచ్చింది.

ఎక్కడ సింథటిక్ తప్పనిసరి?

టర్బో ఉన్న కార్లలో. టర్బో అంటే సైలెన్సరు వైపు పోయే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. అది ఇంజనులోకి గాలిని బలంగా నెడుతుంది. ఒక లీటరు ఇంజన్ పెద్ద ఇంజనులా లాగడానికి కారణం ఇదే. ఈ చక్రం నిమిషానికి లక్షకు మించి చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసు తేలేది కొద్దిపాటి నూనె మీదనే. వేగంగా వచ్చి బండి ఆపిన వెంటనే తాళం తిప్పితే నూనె ప్రవాహం ఆగి, ఇరుసు దగ్గర మిగిలిన నూనె వేడికి మాడి బొగ్గులా గట్టిపడుతుంది. మినరల్ ఆయిల్ తొందరగా మాడుతుంది, సింథటిక్ ఎక్కువ తట్టుకుంటుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినా, హైవే మీద ఏకబిగిన వచ్చినా, ఆపే ముందు ఒక నిమిషం ఇంజనును నిదానంగా తిరగనివ్వడం ఏ నూనెకైనా మంచిది.

పోలో జీటీ టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్ వంటి చిన్న టర్బో పెట్రోలు కార్లలో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. ఇలాంటి ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలేటర్ తొక్కినప్పుడు, స్పార్కు రాకముందే పెట్రోలు అంటుకునే జబ్బు ఉంది. అది పిస్టన్‌ను పగలగొట్టగలదు. నూనెలోని కొన్ని కాల్షియం రసాయనాలు దీన్ని పెంచుతాయని తేలింది. ఎస్పీ తరగతిలో దీనికి పరీక్ష పెట్టారు. అందువల్ల ఇలాంటి బండికి సింథటిక్ అయితే చాలదు, ఎస్పీ లేదా ఆ తరువాతి తరగతి అయి ఉండాలి. మాన్యువల్‌లో కార్ల కంపెనీ సొంత నంబరు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ డబ్బా మీద ఉండాలి.

2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లకు మరో నియమం. వాటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. నూనె కాలినప్పుడు మిగిలే బూడిద ఆ ఫిల్టరును మూసేస్తుంది. అందుకని తక్కువ బూడిద నూనెనే పోయాలి. ఫిల్టరు మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఎక్కడ మామూలుది చాలు?

టర్బో లేని పాత కార్లు, పాత జీపులు, పాత ట్రాక్టర్లకు కంపెనీ చెప్పిన తరగతి గల మినరల్ ఆయిల్ చాలు. వీటికి ఖరీదైన నూనె కంటే సకాలంలో మార్చడమే ముఖ్యం. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాదు, గంటలు లెక్క. దుబ్బలో దున్నేటప్పుడు గాలి ఫిల్టరు శుభ్రంగా లేకపోతే దుమ్ము నూనెలో కలిసి ఇసుక కాగితంలా పనిచేస్తుంది. అప్పుడు ఏ సింథటిక్కూ కాపాడలేదు. నూనె తాగుతున్న, కారుతున్న ఇంజనులో సింథటిక్ పోయడం చిల్లుకుండలో పాలు పోసినట్లే. ముందు రింగులు, సీళ్లు చూపించాలి.

మోటారు సైకిల్‌కు కారు ఆయిల్ పోయకూడదు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి. కారు నూనెలోని జారుడు రసాయనాల వల్ల క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే వాడాలి.

లెక్క వేసి చూద్దాం

మూడున్నర లీటర్లు పట్టే కారు అనుకుందాం. మినరల్ లీటరు 400, సింథటిక్ లీటరు 900, ఫిల్టరు 200 రూపాయలు అనుకుందాం. మినరల్‌ను 5,000 కిలోమీటర్లకు మారిస్తే 1,600 రూపాయలు, అంటే కిలోమీటరుకు 32 పైసలు. సింథటిక్‌ను 10,000 కిలోమీటర్లకు మారిస్తే 3,350 రూపాయలు, అంటే 33 పైసల పైన. తేడా దాదాపు లేదు. పైగా టాక్సీ నడిపేవానికి షెడ్డులో ఒక పూట మిగులుతుంది. అయితే ఇది మాన్యువల్ 10,000 దాకా ఒప్పుకుంటేనే. సింథటిక్ పోశాం కదా అని 15,000 నడిపితే లాభమంతా పోతుంది. దుమ్ము దారుల్లో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఇంకా ముందే మార్చమని మాన్యువల్స్ చెప్తాయి.

కొన్ని అపోహలు

ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మామూలుది పోయరాదు అనేది నిజం కాదు. రెండూ కలుస్తాయి. దారిలో నూనె తగ్గితే అదే అంకె, అదే తరగతి గల ఏ ఆయిలైనా పోసి ఇల్లు చేరవచ్చు. తక్కువ నూనెతో నడపడమే అసలు ప్రమాదం.

నల్లబడితే పాడైనట్లే అనేదీ నిజం కాదు. డీజిల్ ఇంజనులో నూనె కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచుతున్నదని దాని అర్థం.

కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో ఇంజన్ కడగడం మంచిది కాదు. మిగిలిపోయిన కొంత కొత్త నూనెను పలుచబరుస్తుంది.

అన్నిటికంటే పెద్ద మోసం నకిలీ ఆయిల్. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో వాడిన నూనెను వడగట్టి నింపి అమ్ముతారు. పెట్రోలు బంకులో లేదా కంపెనీ డీలరు వద్ద కొని, బిల్లు తీసుకోండి. సీలు మీ కళ్ల ముందే విప్పించండి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టించండి.

పాత నూనె ఏం చేయాలి?

వాడిన నూనెను తలుపులకు, దూలాలకు చెదలు పట్టకుండా రాయడం మన ఊళ్లలో అలవాటు. అందులో క్యాన్సరు కలిగించే పదార్థాలుంటాయి. చేతికంటితే సబ్బుతో కడుక్కోవాలి. మోరీలో, చెలకలో పారబోయరాదు. ఫ్లోరైడ్ నీళ్లతో తరతరాలు బాధపడిన జిల్లా మనది, ఉన్న నీటిని మనమే చెడగొట్టుకోకూడదు. 2016 నియమాల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ నుండి వాడిన నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను నూనె కంపెనీలపైనా పెట్టారు. సర్వీసు చేసినచోటే దాన్ని అప్పగించాలి.

చివరగా

బండితో వచ్చే మాన్యువల్‌ను చాలామంది సీటు కింద పడేస్తారు. అది ఎక్కువగా ఇంగ్లీషులో ఉండడం ఒక కారణం. అందులో చూడవలసినవి మూడే: స్నిగ్ధత అంకె, తరగతి అక్షరాలు, ఎన్ని కిలోమీటర్లకు లేదా గంటలకు మార్చాలి అనేది. ఈ మూడింటికీ సరిపోయే నూనె మినరల్ అయితే మినరల్, సింథటిక్ అయితే సింథటిక్.

ఈ సంచిక చదువుతున్న విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాన్నదో, చిన్నాయనదో బండి మాన్యువల్ బయటికి తీయండి. ఆ మూడు విషయాలను ఒక కాగితం మీద తెలుగులో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టండి. సర్వీసింగు రోజు షెడ్డులో అడగవలసింది ఏమిటో ఆ కాగితమే చెప్తుంది.