బొమ్మకు మాట రాకముందే

బెజవాడలో చెప్పుకోదగ్గవేమిటంటే అందరూ కనకదుర్గమ్మ కొండనూ, కృష్ణ బారేజీనీ చెబుతారు. నేను మారుతీ సినిమా పేరు కూడా చేరుస్తాను. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు పెట్టిన హాలది. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటిదని పేరు.

ఆ రోజుల్లో ఊళ్లకు సినిమా వచ్చిందంటే చాలావరకు డేరాల్లోనే. నాలుగాటలు ఆడి, గుంజలు పీకి, మరో ఊరు పోయేది. అలాంటి తిరుగుళ్ల వినోదానికి స్థిరమైన ఇల్లు కట్టడమంటే మాటలా? పైగా బొమ్మకు అప్పటికి నోరే లేదు. మూకీల కాలం మరి! తెరపక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతే గొంతు చించుకోవాలి. తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో. అంటే 11 ఏళ్లు ముందే హాలు సిద్ధం! ఆలూ లేదు చూలూ లేదని నవ్వినవాళ్లూ ఉండే ఉంటారు.

తరువాత గాంధీనగరంలో చిత్రాల పంపిణీ ఆఫీసులు వెలిశాయి. బొమ్మ ఎలా ఉందని మద్రాసు నిర్మాతలు బెజవాడ కబురుకోసం ఎదురుచూశారు.