గుడ్లగూబ ఇంట్లో పిల్లల పెంపకం



ఆ మధ్య ఒక అక్టోబరులో మన స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు జరుగుతుండగా, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని "నువ్వేమైనా అడగాలా?" అన్నాను. మామూలుగా పిల్లలు చెక్కు ఎప్పుడిస్తారని అడుగుతారు. ఈ అమ్మాయి మాత్రం, "సార్, మా చాల్‌ల చావుపిట్ట పిల్లల్ని చేసింది. ఇంటికి మంచిది కాదు, తీసేపియ్యాలె అంటది మా నాయనమ్మ. దీపావళి అయినంక రిపేరోళ్ళు ఆ సందు మూసేస్తరంట. పిల్లలు చచ్చిపోతయి గద సార్?" అంది.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరయినవాణ్ణి. అయినా పుస్తకంలో చదివిందే తప్ప గుడ్లగూబ గూడును దగ్గరగా చూసినవాణ్ణి కాదు. ఆ వారమే కామాఠిపురలోని వాళ్ళ గల్లీకి వెళ్ళాను. పాత భవనం, పైకప్పు కింద విరిగిన వెంటిలేటరు, దాని వెనుక చీకటి సందు. ఎదుటి మేడ మీద నుంచి చూస్తే, పొద్దుగూకగానే తెల్లని హృదయాకారపు ముఖం ఒకటి బయటికొచ్చింది. ఇంగ్లీషులో బార్న్ ఔల్ అంటారు. మన పెద్దలు చావుపిట్ట అన్నది దీన్నే. లక్ష్మీదేవి వాహనమని ఒకపక్క దణ్ణం పెడుతూ, ఇంకోపక్క ఇంటిమీద వాలితే అపశకునమంటాం. ఈ రెండూ ఎలా పొసగుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చాల్ వాళ్ళ భయానికి అసలు కారణం ఆ చప్పుడు. రాత్రంతా ఎవరో ముసలాయన గురక పెడుతున్నట్టు, బుస కొడుతున్నట్టు వినిపిస్తుంది. అది దయ్యమూ కాదు, చావు కబురూ కాదు. ఆకలేసిన పిల్లలు అన్నం అడుగుతున్నాయి, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కోడి తన గుడ్లన్నీ పెట్టాక పొదుగుతుంది, అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. గుడ్లగూబ అలా కాదు. రెండు మూడు రోజులకొకటి చొప్పున నాలుగు నుంచి ఏడు గుడ్ల దాకా పెడుతుంది గానీ, మొదటి గుడ్డు పెట్టిన నాడే పొదగడం మొదలుపెడుతుంది. ఒక్కో గుడ్డు పిల్ల కావడానికి సుమారు నెల పడుతుంది. అందుచేత ఒకే గూటిలో పెద్దపిల్లకూ చిన్నపిల్లకూ పది రోజులు, అంతకు మించి కూడా తేడా ఉంటుంది. ఆ సందులో మాకు నాలుగు పిల్లలు కనిపించాయి. పెద్దది మూరెడు మనిషిలా నిలబడి ఉంటే, చిన్నది దూదిపింజెలా దాని కాళ్ళ దగ్గర ఉంది.

పొదిగేది తల్లి ఒక్కతే. ఆ నెల రోజులూ, పిల్లలు పుట్టాక ఇంకో రెండు మూడు వారాలూ ఆమె గూడు విడిచి పోయేది బహు తక్కువ. ఆమెకూ పిల్లలకూ తిండి తేవలసింది తండ్రే. చీకట్లో ఎలుక కదిలే చప్పుడును బట్టే దాని చోటు పట్టేయగలడు. తెచ్చినదాన్ని తల్లికి అందించి మళ్ళీ వెళ్ళిపోతాడు. తల్లి దాన్ని చిన్న ముక్కలుగా చీల్చి, కళ్ళు కూడా తెరవని పిల్లల నోటికి ఒక్కొక్కటే అందిస్తుంది. పిల్లలు ఎలుకను గుటుక్కున మింగే వయసు వచ్చాక తల్లి కూడా వేటకు బయలుదేరుతుంది. అది చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మిల్లులో మూడో పాళీ చేసి పొద్దున్నే ఇంటికి వచ్చేవాడు. మేము లేచేసరికి ఆయన పడుకునేవాడు.

మంచు గుడ్లగూబ పేరు హ్యారీ పోటర్ సినిమాలు చూసిన పిల్లలకు తెలుసు. ఉత్తరధ్రువ ప్రాంతంలో చెట్లే లేని నేలమీద గూడు పెడుతుంది. అక్కడా పద్ధతి ఇదే: తండ్రి తెస్తాడు, తల్లి చీల్చి పెడుతుంది. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జీవులు విరివిగా దొరికిన ఏడు పది పదకొండు గుడ్లు పెట్టినా పెడుతుంది. అవి లేని ఏడు అసలు పెట్టకపోవచ్చు. దాని పిల్లలు ఎగరడం రాకముందే, సుమారు మూడు వారాలకే గూడు దిగి నడిచిపోతాయి. మన చాల్ పిల్లలకు ఆ వీలు లేదు. దిగితే మూడంతస్తుల కింద రోడ్డే.

మరి ఈ పెద్దా చిన్నా తేడా ఎందుకు? తిండి సమృద్ధిగా ఉంటే అన్నీ బతుకుతాయి. కరువొస్తే బలమైన పెద్దవి తిని నిలుస్తాయి, చిన్నది పోతుంది. అన్నీ ఒకే ఈడువైతే ఉన్న కాస్తా అందరికీ చాలక అన్నీ పోయే ప్రమాదముంది. వినడానికి కఠినంగానే ఉంటుంది. ఆ అమ్మాయికి ఇది చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. స్విట్జర్లాండులో లోజాన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ రూలాన్, ఆయన సహచరులు ఈ జాతి పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. తల్లిదండ్రులు రాకముందే పిల్లలు తమలో తాము అరుచుకుంటాయట. ఎవరికి ఆకలి ఎక్కువో వాళ్ళు ఎక్కువ అరుస్తారు, మిగతావి ఆ పూటకు వెనక్కు తగ్గుతాయి. ఒక్కోసారి పెద్దపిల్ల తనకు దొరికినదాన్ని చిన్నదానికి ఇస్తుంది కూడా.

చాల్ సభ్యుల మీటింగులో నేను ఇవన్నీ చెప్పలేదు. సందు కింద రాలిన నల్లని ఉండలను ఒక కాగితం మీద పెట్టాను. గుడ్లగూబ అరగని బొచ్చునూ ఎముకలనూ ఉండగా కట్టి నోటి గుండా బయటపడేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, నీళ్ళలో నానబెట్టి విడదీస్తే ఎలుక పుర్రెలు బయటపడ్డాయి. 2005 జులై వరదల తరువాత లెప్టో జ్వరం ఎలా వ్యాపించిందో చూసినవాళ్ళే అక్కడ ఉన్నారు. ఎలుకలను చంపడానికి రాత్రి డ్యూటీ మనుషులను పెట్టుకున్న నగరం మనది. ఈ పక్షి జీతం అడగదని ఒకాయన నవ్వాడు. మలేసియాలో పామాయిల్ తోటలవాళ్ళు దీనికోసం చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుచుకుంటారని చెప్పాను. కాంట్రాక్టరు ఆ ఒక్క గోడను చివరికి వదిలేయడానికి ఒప్పుకున్నాడు. చాల్ వాళ్ళు ఎలుకల మందు పెట్టడం ఆపారు, ఎందుకంటే మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ కూడా పోతుంది.

నవంబరులో ఒక ఉదయం రెండో పిల్ల కింద పడింది, కాకులు చుట్టుముట్టాయి. ఇలాంటప్పుడు పాలూ నీళ్ళూ నోట్లో పోయవద్దు. బట్టతో పట్టి, కన్నాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచాలి. దెబ్బ తగిలితే అటవీ శాఖకు గానీ, పరేల్‌లోని బాయ్ సాకర్‌బాయ్ దిన్‌షా పెటిట్ జంతు వైద్యశాలకు గానీ చేర్చాలి. ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఈ పిల్లకు దెబ్బ తగల్లేదు. సాయంత్రం సందు దగ్గర పెడితే ఆ రాత్రే తల్లి తిండి పెట్టింది.

పుట్టిన ఎనిమిది వారాలకు ఎగురుతాయి. డిసెంబరు మొదటి వారానికి మూడు వెళ్ళిపోయాయి. నాలుగోది, ఆ చిన్నది, ఇంకో ఆరు రోజులు ఒంటరిగా బుసకొడుతూ కూర్చుంది. తండ్రి రోజూ వచ్చాడు. ఏడో రోజు సందు ఖాళీ. ఆ పిట్ట పేరు రాత్రిపూట ఎత్తవద్దని నాయనమ్మ ఇప్పటికీ అంటుందట. అయితే ఆ ఆరు రాత్రులూ గ్యాలరీలో బల్బు ఆర్పేసింది మాత్రం ఆవిడేనని అమ్మాయి చెప్పింది.