వస్తువు ముందా, పని ముందా?

ప్రోగ్రామింగ్ అంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకే అనే భయం మన హాస్టళ్ళలో చాలామందికి ఉంది. ఇళ్ళలో మొదటగా డిగ్రీ చదివిన మాకూ ఉండేది. ఆ భయంతో కంప్యూటర్ కోర్సు వైపు చూడని తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

కంప్యూటర్ భాషలను తయారుచేసేది మనుషులే. ఒక వస్తువుకు పని చెప్పడాన్ని 'మెథడ్ కాల్' అంటారు. దాన్ని ఎలా రాయాలో కూడా వారే తేల్చుకోవాలి.

మన అరకు కాఫీనే తీసుకుందాం. పండ్లను ఒలిచి, కడిగి, ఎండబెడతాం. ఫంక్షన్ల పద్ధతిలో దీన్ని ఎండబెట్టు(కడుగు(ఒలుచు(పండ్లు))) అని రాయాలి. చివరి పని ముందుకొస్తుంది. లోపలి నుండి బయటికి చదువుకోవాలి. మెథడ్ పద్ధతిలో పండ్లు.ఒలుచు().కడుగు().ఎండబెట్టు() అని రాస్తాం. వస్తువు ముందు, పని తర్వాత. ఇది మన తెలుగు వరుసే. కువి, కొండ భాషల్లోనూ క్రియ చివరే. 1995లో రూబీని విడుదల చేసిన మత్సుమోతో మాతృభాష జపనీస్‌లోనూ అంతే.

అయితే గొలుసు తెగకూడదంటే ప్రతి పనీ తన ఫలితాన్ని తర్వాతి పనికి అందించాలి. పైథాన్‌లో జాబితాను సార్ట్ చేయమంటే జాబితా వరుసలోకి వస్తుంది గాని, ఫలితంగా ఏమీ తిరిగి రాదు. గొలుసు అక్కడే ఆగిపోతుంది.

గుర్తు దగ్గరా చిక్కే. పెర్ల్, పీహెచ్‌పీలలో చుక్కను రెండు మాటలు అతకడానికి వాడుకున్నారు. అందుకని మెథడ్‌కు బాణం గుర్తు (->) పెట్టారు. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన లువాలో రెండు చుక్కలు (:) పెడితే, ఏ వస్తువుకు పని చెప్పామో ఆ వస్తువు తనంతట తానే మెథడ్‌కు అందుతుంది. పైథాన్‌లో బ్రాకెట్లు మరిస్తే పని పేరు చెప్పినట్టే, పని చేయమన్నట్టు కాదు. రూబీలో బ్రాకెట్లు లేకున్నా పని జరుగుతుంది.

2008లో వచ్చిన పైథాన్ 3 నుండి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ముందుగా ఆ పనులేమిటో నిర్వచిస్తే, పై కాఫీ వరుస అలాగే నడుస్తుంది. ఆ భాష తనకోసం కేటాయించుకున్న ఇంగ్లీషు మాటలు నలభైకి మించవు.

పుస్తకాలు, ఉద్యోగాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు నేర్చుకోవలసిందే. కానీ అది పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ పని తర్వాత ఏ పనో వరుసగా చెప్పడం మన ఇళ్ళలో అందరికీ వచ్చు. ప్రోగ్రాం అక్కడి నుండే మొదలవుతుంది.