మల్టిపుల్ స్క్లీరోసిస్ – పాలమూరు ఎండల్లో నా అనుభవం

నల్లగొండ ప్రాంతంలో కాళ్లు బిగుసుకుపోతున్నాయని ఎవరైనా అంటే, విన్నవారు ముందుగా నీటినే తప్పుపడతారు. అందుకు కారణం లేకపోలేదు. భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ వలన తరతరాలుగా ఎముకలు వంగిపోయిన వారిని ఈ నేల చూసింది. 1955లోనే ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వెలువడింది. వ్యాధి ముదిరినప్పుడు వెన్నుపూసలు మందమై వెన్నుపామును నొక్కుతాయి, కాళ్లు బిగుస్తాయి.

మా పుట్టిల్లు మర్రిగూడ వైపు. వివాహానంతరం మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డాను. ముప్పయ్యో ఏట ఒక కన్ను మసకబారి, ఆపై ఎడమకాలు ఈడ్చుకుపోవడం మొదలైనప్పుడు "నీళ్ల జబ్బే" అని బంధువులు తీర్మానించారు. ఎక్స్‌రేలో ఎముకలకు దోషమేమీ కనిపించలేదు. హైదరాబాదులో ఎం.ఆర్.ఐ. తీయించిన పిదప గాని అసలు వ్యాధి పేరు తెలియలేదు.

శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి, మెదడులోను వెన్నుపాములోను నరాలను కప్పివుండే మైలిన్ పొరను దెబ్బతీయడమే ఈ జబ్బు. కరెంటు తీగపై తొడుగు ఊడినట్లన్నమాట. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షనుకు అనుమతి లభించింది. 2010లో ఫింగోలిమాడ్ మాత్ర, 2017లో ఓక్రెలిజుమాబ్ వచ్చాయి. మన దేశంలో తక్కువ ఖర్చుతో లభించే రిటుక్సిమాబ్‌ను న్యూరాలజిస్టులు వాడుతున్నారు. నాకు ఎక్కించేది అదే. ఇవి పోయిన శక్తిని తిరిగి తెచ్చేవి కావు, కొత్త దాడులను తగ్గించేవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధికి చోటు దక్కింది.

మందులు మారినా పాలమూరు వైశాఖమాసం మారలేదు! ఒంటివేడి కొద్దిగా పెరిగినా దెబ్బతిన్న నరాలలో సంకేతాలు మందగిస్తాయి. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు దీనిని వర్ణించాడు. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే నా కన్ను మసకబారుతుంది. నీడన కూర్చుని, కుండనీళ్లలో తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకుంటే తేరుకుంటుంది. ఇది జబ్బు తిరగబెట్టడం కాదు. అయితే జ్వరంగాని మూత్రంలో మంటగాని లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే డాక్టరును చూడవలసిందే.

అందుచేత తెల్లవారుజామునే వంట ముగిస్తాను. మధ్యాహ్నం పలుచని మజ్జిగ, మలబద్ధకానికి దండిగా నీళ్లతో ఇసబ్‌గోల్. నువ్వులనూనె మర్దనం హాయిగానే ఉంటుంది, కాని దాని వెంట ఆవిరిపెట్టె మాత్రం వద్దంటాను. ఆయుర్వేద వైద్యులు దీనిని వాతవ్యాధులలో చేర్చి స్వేదనం సూచించడం కద్దు. వేడి పడని రోగికి అది యాతన.

తిప్పతీగ సంగతి మరింత సున్నితమైనది. రోగనిరోధకశక్తిని పెంచుతుందని ఇంటింటా వాడుతున్నారు. రక్షణ వ్యవస్థే అదుపు తప్పిన ఈ జబ్బులో ఆ గుణమే చెరుపు చేయవచ్చు; పైగా దాని వలన కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో ముంబయి నుండి ప్రచురితమయ్యాయి. మా అత్తమ్మ ప్రేమతో దంచి ఇచ్చే చూర్ణాలను నేను కాదనను. ఆరునెలలకొకసారి హైదరాబాదుకు మందు ఎక్కించుకోవడానికి పోయేటప్పుడు ఆ సీసాలన్నీ సంచిలో వేసుకుని పోతాను. డాక్టరుగారు చూసి సరేనన్నవే ఇంటికి తిరిగివస్తాయి.