ఊరు కాలింది, ఎలుక మిగిలింది

లండన్ తగలబడబట్టే అక్కడ ప్లేగు పోయిందని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. 1665లో ఆ ఊళ్లో పద్దుకెక్కిన ప్లేగు చావులే 68,596. మరుసటేడు సెప్టెంబరు 2న పుడింగ్ లేన్‌లోని రొట్టెల బట్టీలో అంటుకున్న నిప్పు నాలుగైదు రోజుల్లో 13,200 ఇళ్లను, 87 చర్చీలను మింగేసింది. ముందు ప్లేగు, వెంటనే నిప్పు, కొన్నాళ్లకు ప్లేగు మాయం. కథ బాగానే అతికింది గానీ తేదీలు అతకవు. రోగానికి భయపడి ఊరు వదిలిపోయిన రాజు రెండో చార్లెస్ 1666 ఫిబ్రవరికల్లా తిరిగొచ్చేశాడు. అంటే మంటలకు ఏడు నెలల ముందే ప్లేగు నెమ్మదించింది. పైగా కాలింది ఎక్కువగా కోటగోడ లోపలి ఊరు. జనం ఎక్కువగా చచ్చింది గోడ బయటి పేదల పేటల్లో. ఆ పేటల్లో చాలావాటిని నిప్పు తాకనేలేదు!

ప్లేగు మీద కావాలనే నిప్పు పెట్టిన ఊరు హొనొలులు. 1899 డిసెంబరులో అక్కడి చైనాటౌన్‌లో ప్లేగు బయటపడితే, ఆరోగ్యశాఖ వాళ్లు రోగం వచ్చిన ఇళ్లను ఒక్కొక్కటిగా తగలబెట్టించారు. 1900 జనవరి 20న గాలి తిరిగింది. పక్కనే ఉన్న కౌమాకపిలి చర్చి గోపురం అంటుకుంది, అక్కణ్నుంచి పేటంతా. దాదాపు 38 ఎకరాలు బూడిదై, నాలుగు వేల మందికి పైగా కట్టుబట్టలతో రోడ్డున పడ్డారు. కొద్ది నెలల్లో ఆ ఊళ్లో ప్లేగు ఆగిన మాట నిజమే. కానీ హవాయి దీవుల్ని వదల్లేదు. హమాకువా తీరంలో చెరకు తోటల ఎలుకల్లో 1950ల దాకా తిష్ఠ వేసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోది తిరగబడిన కథ. అక్కడ ప్లేగు 1904కే సద్దుమణిగింది. 1906 ఏప్రిల్ 18న భూకంపం, వెనకే మంటలు. శిథిలాల్లో, నిరాశ్రయుల గుడారాల దగ్గర పోగైన చెత్తలో ఎలుకలకు పండగైంది. 1907లో ప్లేగు మళ్లీ వచ్చి సుమారు 160 మందికి సోకింది. రూపర్ట్ బ్లూ అనే డాక్టరు ఎలుకల మీద యుద్ధం ప్రకటించాకే దారికొచ్చింది. అంతలో జబ్బు ఊరి ఎలుకల నుంచి కాలిఫోర్నియా నేల ఉడుతలకు పాకింది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో అడవి జంతువుల్లో అది నేటికీ ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి కథే: 1993లో లాతూరు భూకంపం, 1994లో పక్కనున్న బీడ్ జిల్లాలో ప్లేగు. జనం వదిలేసిన ఇళ్లలో నిలవున్న ధాన్యం ఎలుకల పాలైందన్నది చాలామంది ఒప్పుకునే వివరణ. ఆ తర్వాతే సూరత్‌లో ప్లేగు. టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల ముందు జనం ఎగబడటం నడివయసు వాళ్లందరికీ గుర్తే.

నిప్పు ఎందుకు పనిచేయదు? పైన ఇల్లు కాలుతున్నా జానెడు మట్టి కింద బొరియ చల్లగానే ఉంటుంది. పొగ తగిలిన ఎలుక పక్కింటికి పోతుంది, ఒంటి మీది ఫ్లీ పురుగులతో సహా. ప్లేగును ఎలుక నుంచి మనిషికి మోసేది ఈ పురుగేనని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో చూపించాడు. అప్పటికి మన దేశంలో ప్లేగు అధికారులు జనం పరుపులు, పాకలు తగలబెట్టించడంలోనే తలమునకలై ఉన్నారు.

వాళ్లకన్నా మన పల్లెజనమే తెలివిగలవాళ్లని నేనంటాను. ఇంటి కప్పు నుంచి ఎలుక చచ్చిపడితే ఊరికి ఊరే మూటాముల్లె సర్దుకుని పొలాల్లో పాకలు వేసుకునేది. ఎలుకను తగలబెట్టే పని పెట్టుకోలేదు, దాన్నే వదిలేసి పోయారు.

ఇక మన మత్తిగిరి వైపు. ఒకప్పుడు సైన్యం గుర్రాల డిపోగా పేరుపడ్డ ఈ ఊరికి ఆనుకునే హోసూరు, అక్కణ్నుంచి నలభై కిలోమీటర్లు పోతే బెంగళూరు. బెంగళూరులో ప్లేగు 1898 ఆగస్టులో దిగింది, రైలెక్కి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ రోగం గట్టిగా పట్టిన జిల్లాల్లో మైసూరు సంస్థానం సరిహద్దున ఉన్నవే ముఖ్యం: బళ్లారి, అనంతపురం, హోసూరు తాలూకా అప్పట్లో ఉన్న సేలం. మద్రాసు నగరం మాత్రం చాలావరకు తప్పించుకుంది. అక్కడి ఎలుకల మీద ఎక్కువగా ఉన్నది జెనోప్సిల్లా ఆస్టియా అనే రకం ఫ్లీ. ప్లేగు మోయడంలో అది చేతకానిది. గట్టి మోతరి జెనోప్సిల్లా కియోపిస్ దక్షిణాదిలో ఎక్కువగా ఉండేది చల్లని ఎత్తు ప్రాంతాల్లో. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హోసూరు దానికి సరిగ్గా సరిపోయింది. ఎండాకాలంలో మనం మురిసిపోయే ఆ చల్లగాలి ఫ్లీలకూ ఇష్టమే మరి.

మన దేశంలో 1994కు ముందు పరీక్షలో తేలిన చివరి ప్లేగు కేసు ఎక్కడిది? మన పక్కనున్న కోలారు జిల్లాది, 1966లో. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర కలిసే ఈ ముక్కోణాన్ని నిపుణులు ప్లేగు సహజ స్థావరంగా గుర్తించారు. ఇక్కడ దాన్ని దాచుకునేది ఇంటెలుక కాదు, పొలంగట్లలో లోతుగా బొరియలు తవ్వుకునే టటెరా ఇండికా అనే ఎలుక.

అందుకే హోసూరులోని వెక్టర్ కంట్రోల్ అండ్ జూనోసిస్ సంస్థ లాంటి చోట్ల ఎలుకల మీద నిఘా అవసరమైంది. పద్ధతి పాతదే. సాయంత్రం గట్ల మీద బోనులు పెడతారు. పొద్దున్నే చిక్కిన ఎలుకను గుడ్డసంచిలోకి దించి, తెల్లని పళ్లెం మీద దాని బొచ్చు దువ్వి, రాలిన ఫ్లీలను లెక్కపెడతారు. ఇలాంటి నిఘాలో ఊరికుక్కల నెత్తురూ తీసి చూస్తారు. జబ్బు ఎలుకను తిన్న కుక్క సాధారణంగా చావదు గానీ, దాని రక్తంలో ఆనవాలు మిగులుతుంది.