ఆసియాలో ప్రైవేటు అంతర్జాతీయ పాఠశాలలు: స్థాపన, విస్తరణ

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ‘అంతర్జాతీయ పాఠశాల’ అంటే ఏమిటో, ఆ పేరుకు గుర్తింపునకు ఉన్న తేడా ఏమిటో చెప్పగలుగుతారు.
• ఆసియా దేశాల చట్టాలు ఈ పాఠశాలల స్థాపనను, ప్రవేశాలను ఎలా నియంత్రిస్తున్నాయో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• కొత్త పాఠశాల తన ఖర్చును తాను భరించగల స్థాయికి ఎప్పుడు చేరుతుందో లెక్క కట్టగలుగుతారు.
• విస్తరణ మార్గాలను, వాటిలోని ప్రమాదాలను పోల్చగలుగుతారు.

1.1 పరిచయం

మీలో చాలామంది ప్రైవేటు పాఠశాలల్లో పనిచేస్తూనో, పిల్లల్ని అక్కడ చదివిస్తూనో ఈ కోర్సు చేస్తున్నారు. హైదరాబాదు శివార్లలోనే కాదు, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా ‘ఇంటర్నేషనల్’ అని రాసిన స్కూలు బోర్డులు కనిపిస్తాయి. ఆ మాట వెనుక ఏముందో తెలుసుకోవడం పరీక్ష కోసమే కాదు, మీ సొంత అవసరానికి కూడా పనికివస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక సంపర్క తరగతిలో ఒక విద్యార్థిని తన అనుభవం చెప్పింది. ఆమె పనిచేసే పాఠశాల విదేశీ పాఠ్యప్రణాళికను ఘనంగా ప్రారంభించి, పిల్లలు చాలక రెండేళ్లకే మానేసింది. తొమ్మిదో తరగతి పిల్లలు మధ్యలో మరో బోర్డుకు మారవలసి వచ్చింది. యాజమాన్యం కొంత ఫీజు తిరిగి ఇచ్చిందట. పిల్లలు పోగొట్టుకున్న ఏడాదిని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

ఈ భాగమంతటికీ మూలసూత్రం ఆ అనుభవంలోనే ఉంది. ఎల్‌కేజీలో చేరిన పిల్లవాడు 12వ తరగతి పూర్తిచేయడానికి 14 ఏళ్లు పడుతుంది. కాబట్టి పాఠశాల తెరవడమంటే 14 ఏళ్లు నిలబెట్టుకోవలసిన మాట ఇవ్వడం. చట్టం, ధనం, ఉపాధ్యాయులు అనే మూడు ఆధారాల మీద ఆ మాట నిలబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కుంగినా భవనం ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

1.2 అంతర్జాతీయ పాఠశాల అంటే ఏమిటి?

సాధారణంగా, తానున్న దేశపు జాతీయ పాఠ్యప్రణాళికను కాక వేరొక ప్రణాళికను, ఎక్కువగా ఆంగ్ల మాధ్యమంలో బోధించే పాఠశాలను అంతర్జాతీయ పాఠశాల అంటారు. ఆసియాలో ఎక్కువగా కనిపించే ప్రణాళికలు మూడు.

1. ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ): ఈ సంస్థ 1968లో జెనీవాలో ఏర్పడింది. ప్రాథమిక స్థాయి నుంచి డిప్లొమా వరకు దీనికి వేర్వేరు కార్యక్రమాలున్నాయి.
2. బ్రిటిష్ ప్రణాళిక: కేంబ్రిడ్జి వంటి పరీక్షా సంస్థలు నిర్వహించే ఐజీసీఎస్ఈ, ఎ-లెవెల్ పరీక్షలు ఇందులోకి వస్తాయి.
3. అమెరికన్ ప్రణాళిక: దీనిలో పాఠశాలకు అమెరికాలోని గుర్తింపు సంఘాల నుంచి అక్రెడిటేషన్ తీసుకుంటారు.

మన దేశంలో ‘ఇంటర్నేషనల్’ అన్న మాట బోర్డు మీద ఉన్నంత మాత్రాన ఆ పాఠశాల పై మూడింటిలో ఏదో ఒకటి బోధిస్తున్నట్లు కాదు. ఆ పేరుతో సీబీఎస్ఈ సిలబస్‌నో, రాష్ట్ర సిలబస్‌నో బోధించే పాఠశాలలు అనేకం ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. అయితే పేరు వేరు, ప్రభుత్వ గుర్తింపు వేరు, బోర్డు అనుబంధం వేరు. పాఠశాల నడపడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి గుర్తింపు. పరీక్ష నిర్వహించే బోర్డుతో ఉండే సంబంధం అనుబంధం. రెండూ ఉండాలి.

పేరు విషయంలో ఇండోనేషియా కఠినంగా వ్యవహరించింది. 2014లో వచ్చిన నిబంధనల మేరకు అక్కడి పాఠశాలలు తమ పేర్లలో ‘ఇంటర్నేషనల్’ అన్న మాటను వదులుకోవలసి వచ్చింది. 1951లో మొదలైన జకార్తా ఇంటర్నేషనల్ స్కూల్ అప్పుడే జకార్తా ఇంటర్‌కల్చరల్ స్కూల్ అయింది.

1.3 ఎవరి కోసం మొదలయ్యాయి, ఎవరి దగ్గరికి చేరాయి?

తొలితరం పాఠశాలలు విదేశాల నుంచి వచ్చి ఉంటున్నవారి పిల్లల కోసం పుట్టాయి. తమిళనాడులోని కొడైకెనాల్ పాఠశాల 1901లో అమెరికన్ మిషనరీల పిల్లల కోసం మొదలైంది. టోక్యోలో 1902లో అమెరికన్ స్కూల్ ఇన్ జపాన్ ఏర్పడింది. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థకు వివిధ దేశాల శాస్త్రవేత్తలు వచ్చినప్పుడు, వారి పిల్లల కోసం ఏర్పడిన పాఠశాల కూడా ఈ కోవలోదే. లాభం కోసం కాదు, అవసరం కోసం వచ్చిన పాఠశాలలివి.

గల్ఫ్ దేశాల కథ కొంత భిన్నం. అక్కడ జనాభాలో పెద్దభాగం ఇతర దేశాల నుంచి వచ్చిన ఉద్యోగులే కాబట్టి ప్రైవేటు పాఠశాల తప్పనిసరి సేవ. కేరళ నుంచి వెళ్లిన ఉపాధ్యాయ దంపతులు 1968లో దుబాయిలో ‘అవర్ ఓన్ ఇంగ్లిష్ హైస్కూల్’ ప్రారంభించారు. తరువాతి తరంలో సన్నీ వర్కీ చేతుల్లో అది జెమ్స్ ఎడ్యుకేషన్ అనే పెద్ద సంస్థకు మూలమైంది. దుబాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివేది ఇలాంటి భారతీయ ప్రణాళిక ఉన్న ప్రైవేటు పాఠశాలల్లోనే.

గత మూడు దశాబ్దాల్లో పెద్ద మార్పు వచ్చింది. ఆసియాలో మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి ఆదాయాలు పెరిగాయి. విదేశీ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం వారి లక్ష్యమైంది. దాంతో ఈ పాఠశాలల్లో స్థానికుల పిల్లల వాటా పెరిగింది. అయితే స్థానికుల పిల్లల్ని చేర్చుకోవచ్చా లేదా అన్నది తల్లిదండ్రుల కోరికతో తేలేది కాదు, చట్టంతో తేలుతుంది.

1.4 మొదటి ఆధారం: చట్టం

కింది ఉదాహరణలను జాగ్రత్తగా పోల్చి చూడండి.

సింగపూర్: విదేశీ ప్రణాళిక బోధించే పాఠశాలలో సింగపూర్ పౌరుల పిల్లలు చేరాలంటే విద్యా మంత్రిత్వశాఖ అనుమతి కావాలి. అక్కడ ఆ పాఠశాలలు ప్రధానంగా విదేశీయుల మీదే ఆధారపడతాయి.

మలేషియా: స్థానిక విద్యార్థులు 40 శాతానికి మించరాదన్న పరిమితిని 2012లో తొలగించారు. ఆ తరువాత పాఠశాలల సంఖ్య వేగంగా పెరిగింది.

వియత్నాం: విదేశీ పెట్టుబడితో నడిచే పాఠశాలల్లో స్థానికుల వాటా అంతకుముందు ప్రాథమిక స్థాయిలో 10 శాతానికి, ఉన్నత మాధ్యమిక స్థాయిలో 20 శాతానికి పరిమితం. 2018లో దానిని 50 శాతానికి లోపు వరకు పెంచారు.

చైనా: నిర్బంధ విద్య కిందకు వచ్చే 1 నుంచి 9 తరగతుల్లో లాభాపేక్షగల పాఠశాలలను అనుమతించరాదని 2016లో చట్టాన్ని సవరించారు. 2021 సెప్టెంబరు నుంచి అమలైన నిబంధనలు ఆ తరగతుల్లో విదేశీ పాఠ్యపుస్తకాల వాడకాన్ని, విదేశీ నియంత్రణను కట్టడి చేశాయి. అదే ఏడాది లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్ చెంగ్డూ నగరంలో పెట్టదలచిన పాఠశాల ఆలోచనను విరమించుకుంది.

దుబాయి: 2006లో ఏర్పడిన కె.హెచ్.డి.ఎ. అనే ప్రభుత్వ సంస్థ ప్రైవేటు పాఠశాలలను తనిఖీ చేసి, ‘అత్యుత్తమం’ నుంచి ‘చాలా బలహీనం’ వరకు శ్రేణులిచ్చి, నివేదికలను బహిరంగపరుస్తుంది. ఫీజు ఎంత పెంచుకోవచ్చన్నది విద్యావ్యయ సూచికతో, తనిఖీ ఫలితంతో ముడిపడి ఉంటుంది.

మన దేశంలో విద్యారంగంలో 100 శాతం విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి అనుమతి ఉంది. కాని పాఠశాలను నడిపేది లాభాపేక్షలేని సంస్థే కావాలి, అంటే ట్రస్టు, సొసైటీ లేదా కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద నమోదైన కంపెనీ. మన రాష్ట్రం పేరుతో ముడిపడిన ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 1993లో విద్య వ్యాపారం కారాదని చెప్పింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఉన్నికృష్ణన్ తీర్పులోని ప్రవేశ-ఫీజు పథకాన్ని తోసిపుచ్చుతూనే, సంస్థ అభివృద్ధికి సమంజసమైన మిగులు ఉండవచ్చునని, లాభార్జన, కాపిటేషన్ ఫీజు కూడదని స్పష్టం చేసింది.

అందువల్ల ఆచరణలో ఒక ఏర్పాటు వచ్చింది. పాఠశాల ట్రస్టు పేరున ఉంటుంది. భూమి, భవనం ఒక కంపెనీ చేతిలో ఉంటాయి. ట్రస్టు ఆ కంపెనీకి అద్దె, నిర్వహణ సేవల రుసుము చెల్లిస్తుంది. ఆ చెల్లింపులు సమంజసమా కాదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఫీజుల మీద జరిగే చర్చను అర్థం చేసుకోవాలంటే ఈ ఏర్పాటును గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) గుర్తింపునకు, అనుబంధానికి తేడా ఏమిటి?
(ఆ) మలేషియా 2012లో చేసిన మార్పు ఏమిటి?

1.5 రెండో ఆధారం: ధనం

పాఠశాల ఖర్చులో ఎక్కువ భాగం విద్యార్థుల సంఖ్యతో సంబంధం లేకుండా ఉంటుంది. తరగతిలో 10 మంది ఉన్నా 25 మంది ఉన్నా టీచరు జీతం ఒకటే, అద్దె ఒకటే. దీనిని స్థిర వ్యయం అంటారు. పుస్తకాలు, భోజనం, పరీక్ష రుసుము వంటివి పిల్లల సంఖ్యను బట్టి పెరుగుతాయి. ఇవి చర వ్యయం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం.
ఏడాదికి స్థిర వ్యయం: ₹12 కోట్లు
ఒక్కో విద్యార్థి ఫీజు: ₹3 లక్షలు
ఒక్కో విద్యార్థిపై చర వ్యయం: ₹60 వేలు

ఒక్కో విద్యార్థి ఫీజు నుంచి స్థిర వ్యయం కోసం మిగిలేది ₹2.4 లక్షలు. ₹12 కోట్లను ₹2.4 లక్షలతో భాగిస్తే 500 వస్తుంది. అంటే 500 మంది చేరితే లాభమూ లేదు, నష్టమూ లేదు. దీనినే బ్రేక్-ఈవెన్ స్థానం అంటారు.

మొదటి ఏడాది 200 మందే చేరారనుకోండి. మిగిలేది ₹4.8 కోట్లు, నష్టం ₹7.2 కోట్లు. మూడో ఏడాదికి 350 మంది అయినా ₹3.6 కోట్ల నష్టం ఉంటుంది. ఈ నష్టాన్ని ముందే లెక్కవేసి, దానికి సరిపడే మూలధనం పక్కన పెట్టుకున్న సంస్థ నిలుస్తుంది. భవనం మీదే డబ్బంతా పెట్టి, రెండో ఏడాది ఫీజుల మీద ఆశపెట్టుకున్న సంస్థ మూడో ఏడాదికి ఉపాధ్యాయులను తగ్గిస్తుంది. బోధన పలచబడుతుంది, పిల్లలు వెళ్లిపోతారు, నష్టం మరింత పెరుగుతుంది. పరిచయంలో మనం చూసిన పాఠశాలకు పిల్లలు చాలకపోవడమంటే ఇదే.

అందుకే అనుభవమున్న సంస్థలు మొదట చిన్న తరగతులే తెరిచి, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పెంచుతాయి. అలా చేస్తే ఉపాధ్యాయుల ఖర్చు కూడా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఒకేసారి అన్ని తరగతులూ తెరిస్తే పై తరగతుల్లో ఐదారుగురు పిల్లలకే పూర్తి సిబ్బందిని పోషించవలసి వస్తుంది.

1.6 మూడో ఆధారం: ఉపాధ్యాయులు

ఐబీ వంటి సంస్థలు అడిగిన వెంటనే అనుమతి ఇవ్వవు. పాఠశాల ముందు అభ్యర్థి స్థాయిలో ఉండాలి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాలి. పరిశీలన తరువాతే అధికారికంగా ఆ కార్యక్రమం నడపడానికి వీలవుతుంది. ఆపైన కూడా నియమితకాలంలో మూల్యాంకనం ఉంటుంది. ‘అభ్యర్థి పాఠశాల’ అన్న దశలో ఉన్న సంస్థ తనను అనుమతి పొందిన పాఠశాలగా చెప్పుకోరాదు. ప్రకటన చదివేటప్పుడు ఈ తేడా గమనించండి.

విదేశాల నుంచి వచ్చే ఉపాధ్యాయులతో సాధారణంగా రెండేళ్ల ఒప్పందం ఉంటుంది. పిల్లవాడి చదువు 14 ఏళ్లదైతే, టీచరు ఒప్పందం రెండేళ్లది. ఈ ఖాళీని పూరించేది స్థానిక ఉపాధ్యాయులే. కాని అనేక పాఠశాలల్లో వారి జీతాలకు, విదేశీ ఉపాధ్యాయుల జీతాలకు పెద్ద అంతరం ఉంటుంది. స్థానికులను శిక్షణకు పంపి, బాధ్యత గల పదవులు ఇచ్చి నిలుపుకున్న పాఠశాలలోనే బోధన స్థిరంగా ఉంటుంది.

1.7 విస్తరణ మార్గాలు

(1) లాభాపేక్షలేని ఫౌండేషన్: హాంకాంగ్‌లో 1967లో చట్టం ద్వారా ఏర్పడిన ఇంగ్లిష్ స్కూల్స్ ఫౌండేషన్ ఇందుకు ఉదాహరణ. దీనికి ఇచ్చే ప్రభుత్వ సహాయాన్ని 2016-17 నుంచి క్రమంగా ఉపసంహరించారు. ఆ భారం ఫీజుల మీద పడింది.

(2) పేరు అరువు తీసుకోవడం: పేరున్న బ్రిటిష్ పాఠశాల తన పేరును, పద్ధతులను ఇస్తుంది, పెట్టుబడి స్థానికులది. హారో 1998లో బ్యాంకాక్‌లో అడుగుపెట్టింది. డల్విచ్ పేరుతో 1996లో ఫుకెట్‌లో తెరిచిన పాఠశాల 2005లో ఆ పేరు వదులుకుని బ్రిటిష్ ఇంటర్నేషనల్ స్కూల్ అయింది. పేరు పోయినా పాఠశాల కొనసాగింది. అరువు తెచ్చుకున్న పేరు తొలి ప్రవేశాలకు తోడ్పడుతుంది. తరువాతి కాలాన్ని నిలబెట్టేది తరగతి గదే.

(3) గొలుసు సంస్థలు: ఇవి ఉన్న పాఠశాలలను కొనుగోలు చేసి పెరుగుతాయి. నార్డ్ ఆంగ్లియా సంస్థ 2019లో హైదరాబాదులో పుట్టిన ఓక్రిడ్జ్ పాఠశాలలను తీసుకుంది. ఆ సంస్థనే 2017లో కెనడా పెన్షన్ నిధి, ఒక ప్రైవేటు ఈక్విటీ సంస్థ కలిసి 430 కోట్ల డాలర్లకు కొన్నాయి. గొలుసు సంస్థకు శిక్షణ, కొనుగోళ్లు, నియామకాలు చవకవుతాయి. మరోవైపు పెట్టుబడిదారులు కొన్నేళ్లలో రాబడి ఆశిస్తారు. వారి గడువుకు, పిల్లవాడి 14 ఏళ్లకు పొంతన కుదర్చడమే నిర్వాహకుల అసలు పని.

1.8 మీకు ఉపయోగపడే ప్రశ్నలు

ఇలాంటి పాఠశాలలో ఉద్యోగంలో చేరబోయే ముందు గాని, మీ పిల్లల్ని చేర్చే ముందు గాని ఈ ఐదు ప్రశ్నలు అడగండి.
1. ప్రభుత్వ గుర్తింపు ఏ తరగతి వరకు ఉంది? బోర్డు అనుబంధం ఏ తరగతి వరకు ఉంది? పత్రాలు చూపుతారా?
2. పాఠశాల ఇప్పటికే అనుమతి పొందిందా, అభ్యర్థి దశలో ఉందా?
3. మొదటి బ్యాచి పై తరగతి పూర్తిచేసిందా?
4. గత మూడేళ్లలో ఎందరు ఉపాధ్యాయులు మానేశారు?
5. విదేశీ బోర్డు నుంచి ఇక్కడి ఇంజనీరింగ్, వైద్య ప్రవేశాలకు వెళ్లాలంటే ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, సమానత్వ ధ్రువీకరణ ఎలా పొందాలి?

చివరి ప్రశ్నను చాలా కుటుంబాలు 11వ తరగతిలో అడుగుతాయి. దానిని ఎనిమిదో తరగతిలోనే అడగాలి.

1.9 సారాంశం

విదేశీయుల పిల్లల కోసం మొదలైన అంతర్జాతీయ పాఠశాలలు ఆసియాలో నేడు స్థానిక కుటుంబాల ఆశలకు వేదికలయ్యాయి. ప్రతి దేశపు చట్టం ఆ ద్వారాన్ని తెరుస్తుంది లేదా మూస్తుంది. తొలి సంవత్సరాల నష్టాన్ని భరించగల మూలధనం, నిలిచి పనిచేసే ఉపాధ్యాయులు లేనిదే విస్తరణ సాధ్యం కాదు. ఒక పాఠశాల ఎదిగిందా లేదా అని తేల్చేది దాని శాఖల సంఖ్య కాదు. మొదటి రోజు చేరిన పిల్లవాడు అక్కడే, అనుకున్న చదువే పూర్తి చేయగలిగాడా అన్నది.

1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అంతర్జాతీయ పాఠశాలల్లో స్థానిక విద్యార్థుల ప్రవేశాన్ని ఆసియా దేశాలు ఎలా నియంత్రిస్తున్నాయో పోల్చి రాయండి.
2. పాఠశాల విస్తరణ మార్గాలను వివరించి, వాటి గుణదోషాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్థిర వ్యయం ₹9 కోట్లు, ఫీజు ₹2 లక్షలు, చర వ్యయం ₹50 వేలు అయితే బ్రేక్-ఈవెన్ స్థానం ఎంత? (సమాధానం: 600 మంది)
2. మీ ఊరిలో ‘ఇంటర్నేషనల్’ పేరున్న ఒక పాఠశాలకు 1.8లోని ప్రశ్నలను అన్వయించి మీ పరిశీలన రాయండి.